ఇట్టే చల్లబడే మనిషి

ప్రెస్సులో అందరూ పెద్దాయన్ని చాటుగా ‘పాలపొంగు’ అనేవారు. ఆ పేరు పెట్టింది మడతల పిన్ని. అచ్చయిన పెద్ద కాగితాలను పుస్తకం పేజీలుగా మడిచే పని ఆమెది. భర్త పోయాక ఆ బల్ల ముందు కూర్చుని, మడిచే కాగితాల మీది అక్షరాలనే చూసి చూసి, తల నెరిశాక చదవడం నేర్చుకుంది.

“ఎసరులా మెల్లగా మరిగే రకం కాదు మీ మామ,” అనేది పెద్దాయన కోడలితో. “పాలు. గుడ్డ వెతుక్కునేలోపే పొంగిపోతాడు. నాలుగు నీళ్ల చుక్కలు పడ్డాయా, ఏమీ ఎరగనట్టు గిన్నె అడుక్కి దిగిపోతాడు.”

ఆ నీళ్ల చుక్కలేమిటో కనిపెట్టింది మాత్రం కోడలే.

పెళ్లయిన కొత్తలో ఒకరోజు ఆయన బల్ల మీద టీ గ్లాసు పెట్టబోయి, దిద్ది ఉంచిన ప్రూఫుల మీద ఒలకబోసింది. పెద్దాయన లేచి నిలబడ్డారు. ఆయన గొంతుకి పనివాళ్లు మిషను ఆపి మరీ తొంగిచూశారు. ఏం చెప్పాలో తోచక, తడిసిన కాగితం మీద కంటపడిన మాటను పట్టుకుని, “మామయ్యా, బెంబేలు అంటే ఏ భాష మాట?” అంది. ఆయన తిట్టు సగంలో ఆగిపోయింది. కాగితం వంక చూశారు, కోడలి వంక చూశారు. “అదే నాకూ అంతు చిక్కడం లేదమ్మా,” అంటూ కూర్చున్నారు. “ఆ కుర్చీ ఇటు లాక్కో.” టీ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం కోడలూ, ఆమె భర్తా ఆ ముచ్చట చెప్పుకుని పడీ పడీ నవ్వారు. అక్కణ్ణుంచి అది ఇంటి చిట్కా అయింది. తండ్రి కిటికీకి అడ్డంగా కొడుకు కాగితం కట్టలు పేర్చినప్పుడు, ఆయన కుర్చీ కాలు విరిగితే బాగు చేయించకుండా స్టూలు వేసినప్పుడు, ఆయనకి చెప్పకుండా ఆయన పాత పుస్తకాలు అటకెక్కించినప్పుడు, అతను భార్యని మోచేత్తో పొడిచేవాడు. “వెళ్లు. ఒక మాట పడేసి రా.” ఆమె వెళ్లేది. కంప్యూటర్ మీద కంపోజింగ్ ఆమె పని కాబట్టి రోజూ ఎన్నో మాటలు కంటపడేవి. వాటిలో పనికొచ్చేవి, తలనొప్పి మాత్రలు దాచుకున్నట్టు దాచుకునేది. ఆయన చెప్పిన జవాబులు మాత్రం సాయంత్రానికి గుర్తుండేవి కావు. మర్నాడు ఆయన, “నిన్న చెప్పానే, ఏమిటది?” అని అడిగితే, “మర్చిపోయాను మామయ్యా,” అనేది. ఆయన ఉత్సాహంగా మొదటినుంచీ మళ్లీ చెప్పేవారు.

ఆయన జీవితమంతా పరాయి ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్దారు. చివరికి కొడుకు సొంతంగా ప్రెస్సు పెడితే అందులో కిటికీ పక్కన బల్ల వేయించుకున్నారు. ఆయన చేతిమీదుగా ఎన్ని పుస్తకాలు పోయాయో ఆయనకే తెలియదు. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. రాసినవారి పేరు ఉంటుంది, వేసినవారి పేరు ఉంటుంది, అట్ట మీద బొమ్మ గీసినవారి పేరు కూడా ఉంటుంది. తప్పు లేకుండా చూసినవాడి పేరు వేసే ఆనవాయితీ ఎక్కడా లేదు.

ఆ ఏడు బడిపిల్లల నిఘంటువు అచ్చుకొచ్చింది. మాట ఒకవైపు, దాని అర్థం ఇంకోవైపు, పేజీకి రెండు వరసలు. పెద్దాయన ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివేవారు. పని సాగడం లేదని కొడుకు విసుక్కున్నాడు. “పిల్లల పుస్తకానికి ఇంత చాదస్తమేంటి నాన్నా?” అన్నాడు. ఆయన పొంగారు. “పిల్లలది కాబట్టేరా. పెద్దవాడు తప్పు కనిపిస్తే నవ్వి ఊరుకుంటాడు. పిల్లాడు దాన్ని బట్టీ పట్టి బతికినన్నాళ్లూ మోస్తాడు.” అప్పుడు ఆయన్ని చల్లార్చడానికి కొడుకు ఇంకో మాట అన్నాడు. “సరే, ఈ పుస్తకంలో నీ పేరు వేస్తాను. ప్రూఫులు చూసినవారు అని, లోపల మొదటి పేజీలో.” “ఎందుకురా, అలవాటు లేని పని,” అని కళ్లజోడు తుడుచుకున్నారు. ఆ రోజునుంచీ ఇంకా నెమ్మదిగా చదవసాగారు.

బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. చివరి ఫారాలు, అంటే స, హ మాటలున్న పేజీలు, ఆయనకి చూపించకుండానే మిషను ఎక్కాయి. “ఆర్డరిచ్చినవాళ్లే వేరేవాళ్లచేత చూపించుకున్నారు,” అని కొడుకు తండ్రితో చెప్పాడు. అలా చూసినవాళ్లెవరూ లేరని కోడలికి తెలుసు. ఆ పేజీలు కంపోజ్ చేసింది ఆమే. తను ఒకసారి పైపైన చూసింది కదా, చాలులే అనుకుంది.

అట్టలు వేసిన పుస్తకాలు బైండింగు గదినుంచి వచ్చిన ఉదయం, పెద్దాయన పైనున్న పుస్తకం ఒకటి తీసుకుని మొదటి పేజీ విప్పారు. తన పేరు చూసుకున్నారు. మడతల పిన్ని దగ్గరికి పట్టుకెళ్లారు.

“ఏదీ, నువ్వు చదువు చూద్దాం.”

పిన్ని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. “మీ పేరే అన్నయ్యగారూ. నేనే మడిచానే, అప్పుడెలా తప్పించుకుందో.”

“తలకిందులుగా వచ్చుంటుంది నీకు.”

“తలకిందులుగా అయితే ఇంకా బాగా చదువుతాను. అలాగే నేర్చుకున్నాను గదా.”

ఆయన నవ్వుతూ పేజీలు తిప్పుకుంటూ బల్ల దగ్గరికి నడిచారు. చివరి పేజీలకి వచ్చేసరికి నడక ఆగింది. కంపోజింగులో ఎక్కడో ఒక గీత జారింది. ఒక పేజీ పొడుగునా ప్రతి మాట పక్కనా దాని అర్థం కాక, పైమాట అర్థం పడింది.

“ఒరేయ్,” అన్నారు పెద్దాయన.

ఆ ఒక్క పిలుపుకే మిషను గదిలోంచి కొడుకు వచ్చాడు.

“సంతకం అంటే సరుకులమ్మే చోటు. సంతానం అంటే చేవ్రాలు. సంతాపం అంటే పిల్లలు. సంతృప్తి అంటే దుఃఖం. ఎవడ్రా ఇది చూసింది?”

“సంతాపం అంటే పిల్లలేగా అన్నయ్యగారూ,” అంది పిన్ని కాగితం మడుస్తూ. “నమ్మకపోతే మా ఇంటికొచ్చి చూడండి.”

పనివాళ్లు ఘొల్లున నవ్వారు. మామూలుగా అయితే ఆయనా నవ్వేవారే. ఆ రోజు నవ్వలేదు.

“ఎవరు చూశారని అడుగుతున్నాను.”

కొడుకు నేల చూపులు చూశాడు. “ఎవరూ చూళ్లేదు నాన్నా. టైం లేదు. నువ్వు చూస్తే ఇంకో నెల పట్టేది.”

“మరి నా పేరెందుకు వేశావు?”



పెద్దాయన గొంతు తగ్గింది. కోడలు అది గమనించింది. ఆయన పొంగినప్పుడు ఎప్పుడూ గొంతు పెరిగేది. “సరే. అయిందేదో అయింది. అరచేయంత చీటీ వెయ్. తప్పొప్పుల పట్టిక. ప్రతి పుస్తకంలో ఆ పేజీకి అంటిద్దాం. నేనూ కూర్చుని అంటిస్తాను. అంటించేదాకా ఒక్క కట్ట కూడా గుమ్మం దాటకూడదు.”

“సరుకు ఎత్తడానికి వ్యాను బయల్దేరింది నాన్నా. దారిలో ఉంది.”

“వెనక్కి పంపు.”

“ఇవాళ సరుకు అందకపోతే ఆర్డరిచ్చిన పుస్తకాల షాపాయన ఇంకెప్పుడూ మన గుమ్మం తొక్కడు.”

“తొక్కకపోనీ.”

అని, తన కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్లి, పుస్తకాల కట్టలున్న గది గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు. నిఘంటువు ఒళ్లో పెట్టుకున్నారు. ఆయన్ని లేపితే తప్ప లోపలినుంచి కాగితమ్ముక్క కూడా బయటికి రాదు.

కొడుకు భార్యని మిషను పక్కకి తీసుకెళ్లాడు. చేతులకున్న సిరా తుడుచుకుంటూ, “నువ్వెళ్లు,” అన్నాడు.

“ఈసారి వద్దండీ. ఈ కోపం అలాంటిది కాదు.”

“ఆయన కోపాలన్నీ ఒక్కటే. ఎన్ని చూడలేదు మనం?”

“ఆయన అడిగింది న్యాయమే కదా. చీటీ వేసేస్తే పోలేదూ?”

“వేద్దాం. రెండో అచ్చులో అసలు పేజీయే దిద్దేద్దాం. ఇప్పుడు మాత్రం ఆ గుమ్మంలోంచి లేపు. కాసేపు చాలు. నీకేం పని, ఒక మాట అడగడమే కదా. అబద్ధం చెప్పమంటున్నానా?”

అబద్ధం కాదన్న మాట ఆమెకి ఊరటగా తోచింది. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆమెకి అన్నిటికంటే సిగ్గనిపించేది ఆ ఊరటే.

గుమ్మం దాకా వెళ్లేలోపు మాట కోసం వెతుక్కుంది. మామూలువి పనికిరావు. కిందటి రోజు ఎవరిదో నవల కంపోజ్ చేస్తుంటే ఒక మాట వచ్చింది. దాని అర్థం ఆమెకి నిజంగానే తెలియదు.

“మామయ్యా.”

ఆయన తలెత్తలేదు.

“ఇది సమయం కాదని తెలుసు. నిన్నటినుంచీ ఒక మాట బుర్ర తొలిచేస్తోంది. ఆశుతోషుడు అంటే ఎవరు?”

పెద్దాయన తల మెల్లగా పైకి లేచింది. “ఎక్కడ చూశావది?”

“నవలలో. వాడు వట్టి ఆశుతోషుడు, పోనీలే అని ఎవరో అంటారు. ఆశ అనుకున్నాను మొదట. ఆశపోతు అనేమో అని.”

“ఆశ కాదు.” ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. “ఆశ వేరు, ఆశు వేరు. ఆశు అంటే వెంటనే, అప్పటికప్పుడు. ఆశుకవి అంటాం చూడు, అడిగిన మరుక్షణం పద్యం చెప్పేవాణ్ణి. ఆ ఆశు. తోషం అంటే తృప్తి పడటం, సంతోషంలో ఉన్న తోషమే. వెంటనే సంతోషించేవాడు. ఎంత కోపంలో ఉన్నా ఇట్టే చల్లబడిపోయేవాడు. శివుడికి పేరు.”

“ఆ రెంటికీ చుట్టరికం ఉందా, సంతోషానికీ దీనికీ?”

“ఎందుకు లేదు? ఇలా రా, చూపిస్తాను.”

ఆయన లేచారు. పెద్ద నిఘంటువు కిటికీ దగ్గర బల్ల మీద ఉంది. ఒళ్లోని పుస్తకం కుర్చీలో పెట్టి, వెళ్లి బల్ల ముందున్న స్టూలు మీద కూర్చున్నారు. కోడలు వెనకే నడిచింది. వీధిలో వ్యాను ఆగిన చప్పుడు ఆమెకి వినిపించింది.

“మన భాషలో ఇలాంటివాడికి మాటలు తక్కువేం కాదమ్మా,” అన్నారు ఆయన పేజీలు తిప్పుతూ. “బోళామనిషి అంటాం. అది ఉత్తరాదినుంచి దిగిన మాట. అక్కడ భోలా అంటే అమాయకుడు. మనవాళ్లు ఒత్తు తీసేసి ఇంటిమాట చేసుకున్నారు. బోళాశంకరుడు అన్నా ఆ దేవుడే. అంత పెద్ద దేవుడికి కూడా చూడు, తొందరగా లొంగుతాడనే పేరు.”

వెనక గదిలో కట్ట నేల మీద పడ్డ చప్పుడైంది. పెద్దాయన చెవి కాస్త అటు తిరిగింది. కోడలు తన కుర్చీని చప్పుడయ్యేలా ముందుకి లాక్కుంది.

“మరి ఉబ్బులింగడు అంటారే, అదీ ఇదీ ఒకటేనా?” అంది గొంతు పెంచి.

“ఒకటే అంటే ఒకటి కాదు.” ఆయన ముఖం వెలిగింది. “మంచి ప్రశ్న వేశావు. ఉబ్బు మన మాటే. పిండి ఉబ్బుతుంది, చెక్క తడిసి ఉబ్బుతుంది. పొగిడితే ఉబ్బిపోయేవాడు ఉబ్బులింగడు. బోళామనిషిని చూస్తే జాలి, ఉబ్బులింగణ్ణి చూస్తే నవ్వు. అల్పసంతోషి అన్నామనుకో, అందులో కాస్త చిన్నచూపుంది, కొంచెం విదిలిస్తే చాలు వీడికి అని. మనిషి ఒకడే. చూసేవాడి చూపుని బట్టి పేరు మారుతుంది.”

“బుజ్జగించడం ఎక్కడిది మామయ్యా?”

“అది నాకు రూఢిగా తెలియదు. పసివాళ్లని బుజ్జీ అంటాం కదా, అందులోంచి వచ్చిందేమో అనిపిస్తుంది. రుజువు చూపించమంటే చూపించలేను. అనిపించడం వేరు, తెలియడం వేరు.”

వెనక చప్పుళ్లు వరసగా వినిపిస్తున్నాయి. ఒక చప్పుడికి ఒక ప్రశ్న అన్నట్టుగా ఆమె అడుగుతోంది. అడుగుతున్నకొద్దీ, ఆమెకి తెలియకుండానే, జవాబులు లోపలికి దిగసాగాయి. ఇన్నాళ్లూ ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసిన గొంతు ఆ రోజు మొదటిసారి వినబడింది. తను అడుగుతున్నది ఆయన గురించేనని ఆమెకి అర్థమైంది. ఆయనకి మాత్రం అర్థమైనట్టు లేదు. ముందుకి వంగి, వేళ్లు విప్పి, పిల్లకి చెప్పినట్టు చెబుతున్నారు.

“ఈ మాటలన్నిట్లో నాకిష్టమైనది ప్రసన్నం. మనం ఇప్పుడు మనుషుల గురించే అంటాం, ఆయన ప్రసన్నుడయ్యాడు అని. అది నీళ్లకీ చెప్పే మాట. దాని వేరులో కిందికి దిగడం, కూర్చోవడం అనే అర్థం ఉంది. కలకబారిన నీళ్లలో మడ్డి అడుక్కి దిగితే పైన తేటపడతాయి చూడు, అది ప్రసన్నం. మడ్డి పోయిందని కాదు. అడుగున కూర్చుంది, అంతే. గిన్నె కదపకుండా ఉండాలి మరి.”

ఆయన నవ్వారు. ఆమె నవ్వలేకపోయింది.

“ఇన్ని మాటలెందుకు పుట్టాయంటావ్?” అన్నారు. “ఇలాంటివాళ్లతో పని పడే జనం ఎక్కువ ఉండి…”

వీధిలో వ్యాను తలుపు దభాలున పడింది. ఇంజను శబ్దం కాసేపు గోడలకి తగిలి, మలుపు తిరిగి పోయింది.

పెద్దాయన వాక్యం పూర్తి చేయలేదు. వెనక్కి తిరిగి చూశారు. గుమ్మంలో ఉండాల్సిన కుర్చీ గోడవారగా ఉంది. దాని మీద ఆయన పెట్టిన పుస్తకం అలాగే ఉంది. లోపలి గది ఖాళీగా, ఊడ్చినట్టు కనిపిస్తోంది.

ఆయన పొంగుతారని కోడలు ఎదురుచూసింది. పొంగితే బాగుండునని కోరుకుంది. నలుగురిలో తిడితే, చెయ్యెత్తినా సరే, తల వంచుకుని పడదామనుకుంది. ఆయన పెద్ద నిఘంటువు మూసి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

“వ్యాను వచ్చినప్పుడే నీకు తెలుసా?”

“తెలుసు మామయ్యా.”

“ఊఁ.”

మళ్లీ ఆయనే అన్నారు. “ఇన్నాళ్లూ నువ్వు అడిగినప్పుడల్లా నాకు తెలిసేదమ్మా. టీ ఒలికిన రోజు తప్పించి. కుర్చీ విరిగినప్పుడు తెలుసు, కిటికీ మూసినప్పుడు తెలుసు. కొత్తకోడలివి, ఇంట్లో రభస ఎందుకని చల్లబడేవాణ్ణి. పైగా ఆ వంకనైనా ఒకరు వింటారు కదా అని. ఇవాళ మాత్రం తెలియలేదు. ఇవాళ నిజంగానే అడిగావనుకున్నాను.”

ఆమెకి తల కొట్టేసినట్టయింది. నిజంగానే అడిగాను అని చెప్పడానికి నోరు తెరిచి, చెప్పే మొహం లేక మూసుకుంది.

పెద్దాయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా ఇంటికి వెళ్లిపోయారు.

కొడుకు హుషారుగా లోపలికి వచ్చాడు. “అయిపోయింది. టీ చెప్పు అందరికీ,” అన్నాడు. భార్య ముఖం చూసి, “ఏమన్నాడేంటి? సాయంత్రానికి చల్లబడతాడులే,” అన్నాడు.

“చల్లబడే వెళ్లారు.”

“మరింకేం?”

మడతల పిన్ని కాగితం మడవడం ఆపి చూస్తోంది. “ఏం మాట అడిగావమ్మాయ్?”

కోడలు చెప్పింది. అర్థం కూడా చెప్పింది.

పిన్ని చేతిలోని కాగితం బల్ల మీద పెట్టింది. “పాలపొంగు అని పేరు పెట్టింది నేను,” అంది. “అందరూ నవ్వితే బాగుండేది నాకు.” తర్వాత లేచి, తన బల్ల మీదున్న కాగితాల దొంతర తీసి పక్కన పెట్టింది. గుడ్డతో బల్ల తుడిచింది. “చీటీ ఎంత ఉండాలన్నాడు? అరచేయంత అన్నాడు కదూ?”

కోడలు కంప్యూటర్ ముందు కూర్చుంది. జారిన పేజీలోని మాటలన్నీ ఒక్కొక్కటిగా, ఒక్కో మాట కింద వేలు పెట్టి చూసుకుంటూ కంపోజ్ చేసింది. కింద ఇంకో వాక్యం చేర్చింది: ‘ఈ పేజీని ప్రూఫులు చూసినవారికి చూపించకుండా అచ్చువేశాం. ఈ తప్పులు ఆయనవి కావు, ప్రెస్సువారివి.’

కొడుకు ఆమె భుజం మీదుగా చదివాడు. “పైది చాలు. ఈ కిందిది ఎందుకు? మన పరువు మనమే తీసుకుంటామా?”

“మామయ్య పరువు మనం తీశాం కదండీ.”

“సరే, నాన్నకి చూపించు. ఆయన ఉంచమంటే ఉంచుదాం.” ఉంచమనడని అతనికి తెలుసు. ఆ గొంతులో నిబ్బరం ఆమెకి కొత్త కాదు. నిన్నటిదాకా తన గొంతులోనూ ఉన్నదే.

ఇంట్లో పెద్దాయన మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నారు. దీపం వేసుకోలేదు. ఆమె దీపం వేసి, ప్రూఫు కాగితం, ఎర్ర పెన్సిల్ మంచం మీద పెట్టి, ఎదురుగా నిలబడింది. ఏమీ అడగలేదు. తన నోటినుంచి వచ్చే ఏ ప్రశ్న మీదా తనకే నమ్మకం పోయింది.

ఆయన కాసేపు కాగితం వంక చూడలేదు. తర్వాత చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. కళ్లజోడు పెట్టుకున్నారు. ఒక్కో మాట కింద పెన్సిల్ మొన కదిలింది. ఒకచోట చుక్క పెట్టారు. ఒకచోట రెండు మాటల మధ్య ఖాళీ గుర్తు వేశారు. చివరి వాక్యం దగ్గర ఆగారు. రెండుసార్లు చదివారు. పెన్సిల్‌తో దాని మీద అడ్డంగా ఒకే గీత గీసి, పక్కన తీసివేత గుర్తు పెట్టారు.

“ఇది అక్కర్లేదు. వాడి ప్రెస్సుకి చెడ్డపేరు.”

కాగితం తిరిగి ఇస్తూ, “నువ్వు తిన్నావా?” అన్నారు.

తాము చేసింది జరిగి ఇంకా ఒక రోజు కూడా గడవలేదు. ఆయన కోపం ఆమె చేతికి దొరకకుండా అప్పుడే తప్పుకుంది. ఆ మంచితనాన్ని పట్టుకుని బయటపడటం ఎంత తేలికో ఆమెకి తెలుసు. కాగితం పట్టుకెళ్లి, చూడండి, మామయ్యే కొట్టేశారు అంటే సరి. చీటీ వస్తుంది, పరువు మిగులుతుంది, రేపు ఆయన మళ్లీ కిటికీ పక్కన కూర్చుంటారు. ఇన్నాళ్లూ తాము బతికిందంతా అలాగే.

మర్నాడు పొద్దున్నే ఆ ప్రూఫు కాగితాన్ని మిషను మనిషి చేతికిచ్చింది. “చుక్కా, ఖాళీ దిద్దేశాను. చివరి వాక్యం ఉంచు,” అంది.

మిషను మనిషి కాగితం తిప్పి చూశాడు. “పెద్దాయన గీత కొట్టారు గదమ్మా.”

ఆ ప్రెస్సులో ఆయన కొట్టిన గీతని ఎవరూ దాటి ఎరగరు. ఒకసారి అట్ట మీద ఆర్డరిచ్చినవాళ్ల పేరునే ఆయన కొట్టేస్తే, వాళ్లని పిలిచి అడిగిగానీ మిషను తిప్పలేదు.

“తెలుసు. ఉంచు.”

కొడుకు వచ్చాడు. “నాన్నే వద్దన్నాక నీకేంటి?”

“ఆయన వద్దంటారని తెలిసే కదా చూపించమన్నారు మీరు. ఆయన వద్దన్నారు కాబట్టే ఉండాలి.”

“ఏం మాట్లాడుతున్నావో నీకైనా అర్థమవుతోందా?”

“నాకు నిన్ననే అర్థమైంది. మీకు చెప్పడం చేతకావడం లేదు.”

అతను పనివాళ్ల వంక చూశాడు. అందరూ తమ తమ పనుల్లో మునిగిపోయినట్టు నటిస్తున్నారు. పిన్ని మాత్రం మడతబల్ల మీద చేతులు పెట్టుకుని, సూటిగా అతని వంకే చూస్తోంది. అతను ఇంకేదో అనబోయి, తల విదిలించి, మిషను స్విచ్చు తనే వేశాడు.

చీటీలు ఆరాక, వాటినీ జిగురు డబ్బానీ సంచిలో పెట్టుకుని కోడలూ పిన్నీ పుస్తకాల షాపుకి వెళ్లారు. కట్టలు ఇంకా విప్పలేదు. వెనక గదిలో నేల మీద కూర్చుని ఒక్కో పుస్తకం తెరిచి, జారిన పేజీ వెతికి, చీటీ అంటించసాగారు. పిన్ని పేజీ తీసి పెట్టేది, కోడలు జిగురు రాసేది. నడుములు పట్టేశాయి. పిన్ని చాలాసేపు జోకులు వేయలేదు. తర్వాత ఉండబట్టలేక, “ఇదంతా అయ్యేసరికి సంతృప్తి అంటే దుఃఖమనే నాకూ స్థిరపడేట్టుంది,” అంది. కోడలు నవ్వబోయి, చేతిలో ఉన్న పేజీలో సరిగ్గా ఆ మాటే కనబడితే ఆగిపోయింది.

షాపాయన మధ్యలో వచ్చి ఒక పుస్తకం తీసి చీటీ చదివాడు. పైనున్న మాటలు వదిలేసి, కింది వాక్యం దగ్గరే ఆగాడు. మొదటి పేజీ తిప్పి పెద్దాయన పేరు చూశాడు. మళ్లీ చీటీ చూశాడు.

“చూపించకుండా వేశారా?” అన్నాడు. “చూసేవాణ్ణి ఇంట్లో పెట్టుకుని?”

పిన్ని తల వంచుకుంది.

“ఎవరమ్మా ఈ ప్రెస్సువారు? ఎవరికి తట్టిందీ ఆలోచన?”

కోడలు జిగురు చేతిని ఒళ్లో పెట్టుకుంది. భర్త పేరు చెప్పొచ్చు. టైం లేదని చెప్పొచ్చు. షాపాయన మంచివాడే, కాస్త మెత్తగా మాట్లాడితే వినేవాడిలాగే ఉన్నాడు.

“నేనేనండీ,” అంది. “పేజీ కంపోజ్ చేసిందీ నేనే. వ్యాను వెళ్లేదాకా ఆయన్ని మాటల్లో పెట్టిందీ నేనే.”

షాపాయన ఆమె వంక చూశాడు. పుస్తకం ఆమె ముందు పెట్టి వెళ్లిపోయాడు. ఆమె తల పైకెత్తలేదు. ఆ పుస్తకంలో చీటీ కొంచెం వంకరగా అంటింది. జిగురు ఆరేలోపే ఊడదీసి, తిన్నగా పెట్టి, అరచేత్తో అదిమింది.